బండలాగుడు జతల పట్టిక

మా కాలేజీలో డిగ్రీ పిల్లల స్టాటిస్టిక్స్ సిలబస్‌లోకి ‘ఆర్’ వచ్చిన ఏడాది, దాన్ని నేర్పే పని నా మీద పడింది. ఆర్ అనేది గణాంకాల కోసం పుట్టిన కంప్యూటర్ భాష. నేను చదువుకున్న రోజులు కాలిక్యులేటర్‌తోనూ గ్రాఫు కాగితాలతోనూ గడిచిపోయాయి కాబట్టి, వేసవి సెలవుల్లో ముందు నేను నేర్చుకుని, కాలేజీ తెరిచాక పిల్లలకు చెప్పాను. తొలి పాఠాల్లో ఒకటి, పెద్ద పట్టికలోంచి మనకు కావలసిన వరుసలను మాత్రమే ఎంచుకోవడం. షరతు ఒకటి చెబితే, దానికి సరిపోయిన వరుసలు తెర మీదకు వస్తాయి. అంతే పాఠం.

కష్టమైనదేమీ కాదు. కానీ అభ్యాసానికి పుస్తకంలో ఇచ్చిన పట్టిక ఏనాటివో విదేశీ కార్లది. ఏ కారు ఎంత పెట్రోలు తాగుతుంది, బరువెంత, ఇంజనులో సిలిండర్లెన్ని. నరసరావుపేటలో మా ల్యాబ్ కిటికీలోంచి చూస్తే ఆటోలు, పత్తి బేళ్ళ లారీలు కనిపిస్తాయి గానీ ఆ కార్లు కనిపించవు. ముందు బల్ల మీద కూర్చునే అమ్మాయి ఒకరోజు చెయ్యెత్తింది.

“మేడమ్, ఎక్కువ పెట్రోలు తాగే కార్లు వచ్చినయ్. ఇప్పుడేం జెయ్యాల?”

తర్వాతి లెక్క చెయ్యమన్నాను. చేసింది. అందరూ చేశారు. అందరికీ సరైన జవాబే వచ్చింది. ఆ జవాబుతో ఎవరికీ పనిలేదు, నాక్కూడా.

శనివారం క్లాసులయ్యాక నేను గురజాల బస్సెక్కి ఇంటికి వెళతాను. నాన్న మిరప, పత్తి వేస్తాడు. బడిలో కలిసి చదువుకున్న ఆయన స్నేహితుడొకరు బస్టాండు దగ్గర ట్రాక్టర్ల రిపేరు షెడ్డు నడుపుతాడు. ముస్లిముల కుటుంబం. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ నేనాయన్ని బాబాయ్ అనే పిలుస్తున్నాను. అమ్మ ఆయనకు వదిన. ఆదివారం మధ్యాహ్నానికల్లా షెడ్డు మూసి, ఎంత కడిగినా పోని డీజిల్ వాసనతో వచ్చి, కుర్చీకి మరకలవుతాయని మా వసారా మెట్టు మీదే కూర్చుంటాడు. ఇద్దరికీ ఉన్న పిచ్చి ఒక్కటే, బండలాగుడు పోటీలు.

మా వైపు తిరునాళ్ళంటే ఎద్దుల బండలాగుడు ఉండాల్సిందే. కాడి కట్టిన జతకు పెద్ద రాతిబండను తగిలిస్తారు. ఇచ్చిన సమయంలో ఏ జత ఎన్ని అడుగులు లాగితే దానిదే గెలుపు. ఎద్దు వయసును పళ్ళను బట్టి లెక్కిస్తారు. పాలపళ్ళ గిత్తలకు తేలిక బండ, పెద్దవాటికి సీనియర్స్ అని వేరే విభాగం, బరువు బండ. ఇప్పుడివన్నీ యూట్యూబ్‌లో నేరుగా వస్తాయి. నాన్న ఫోనును చెంబుకు ఆనించి పెట్టుకుని, అయిపోయిన పోటీలను కూడా మళ్ళీ మళ్ళీ చూస్తాడు. విచిత్రమేమిటంటే మా ఇంట్లో ఎద్దులు లేవు, నా చిన్నప్పుడే ట్రాక్టరు వచ్చింది. బాబాయ్‌కైతే అన్నం పెట్టేదే ట్రాక్టరు. అయినా ఇద్దరికీ తలా ఒక జత ఉంది. నాన్నది మాచర్ల వైపు రైతు జత. తెల్లగా, ఎత్తుగా, చూడగానే పెళ్ళికి ముస్తాబైనట్టుంటాయి. బాబాయ్‌ది దాచేపల్లి వైపు జత. వాటిలో ఒకదానికి మూపురం మీద నల్లటి మచ్చ. ఆ రైతులిద్దరూ వీళ్ళకు పరిచయం కూడా లేరు. కానీ మాటల్లో మాత్రం ‘మావోళ్ళు’.

ఎండలు మొదలైన ఒక ఆదివారం కూడా అదే గొడవ.

“నువ్వెన్నన్నా జెప్పు, సీనియర్స్‌లో మావోళ్ళకి ఎదురు లేదు,” అన్నాడు నాన్న.

“ఎదురు లేకపోవటమేంది? మొన్న శివరాత్రికి మావోళ్ళు దాటి పోలా?” అన్నాడు బాబాయ్.

“ఆ రోజు నేల తడి. తడినేల మీద గెలిస్తే అదీ ఒక గెలుపేనా?”

“నేల తడైతే మావోళ్ళకి మాత్రం పొడిగా ఉంటదా ఏందిరా!”

నేను వసారాలోనే కూర్చుని సోమవారం రివిజన్ క్లాసుకు కార్ల పట్టికతో కుస్తీ పడుతున్నాను. వీళ్ళ అరుపులకు చదివేది బుర్రకెక్కడం లేదు. విసుగొచ్చి, “ఊరికే అరుచుకునే బదులు అన్నీ ఒక చోట రాసుకుంటే తేలిపోద్ది గదా నాన్నా,” అన్నాను.

“రాయి మరి. స్టాటిస్టిక్స్ చదివింది నువ్వే గదా,” అన్నాడు నాన్న, ఫోన్లోంచి తల ఎత్తకుండానే.

నేను కార్ల పట్టిక మూసేసి కొత్త పట్టిక తెరిచాను. అంత తేలిగ్గా మొదలైంది అది.

ఒక జత ఒక పోటీలో లాగిన లాగుడు ఒక వరుస. ఏ తిరునాళ్ళు, ఏ విభాగం, ఏ ఊరి జత, బండ బరువు, ఎన్ని నిమిషాలు, ఎన్ని అడుగులు, నేల ఎట్లా ఉంది, ఇవన్నీ నిలువు గళ్ళు. సమాచారమంతా వీడియోల్లోంచే తీసుకున్నాం. వీడియో నడుస్తుంటే మైకులో వ్యాఖ్యాత గొంతు చించుకుంటూ అడుగుల లెక్క చెబుతాడు, నేను టైపు చేస్తాను. వ్యాఖ్యాత చెప్పింది నాకు వినపడకపోతే నాన్న చెబుతాడు. నాన్న చెప్పింది బాబాయ్ ఒప్పుకోకపోతే వీడియో వెనక్కి తిప్పుతాం. ఆ ఎండాకాలం ఆదివారాలన్నీ అట్లాగే గడిచాయి.

అమ్మ మొదట్లో మమ్మల్ని పట్టించుకోలేదు. “ముగ్గురికి ముగ్గురు దొరికారు,” అని మజ్జిగ గ్లాసులు పెట్టి వెళ్ళిపోయేది. నేల ఎట్లా ఉందో రాసే గడి దగ్గర మాత్రం ఆమె అవసరం పడింది. ఒక వీడియోలో నేల తడో పొడో తెలియడం లేదు. నాన్న తడి అంటాడు, బాబాయ్ పొడి అంటాడు. లోపలి నుంచి అమ్మ వచ్చింది.

“అది కారంపూడి దగ్గర జరిగింది గదా? ఆ ముందురోజు వాన. కళ్ళంలో కాయలు ఆరబోసి, పట్టాలు కప్పలేక నేను పడ్డ తిప్పలు నాకు తెలుసు. మీ నాన్న యాడున్నాడో అడుగు.”

నాన్న ఎక్కడున్నాడో అందరికీ తెలుసు. ఆ వీడియోలో జనంలో ఎక్కడో ఉన్నాడు. తడి అని రాశాను. ఆ తర్వాత వానల సంగతి ఏది వచ్చినా అమ్మనే పిలిచేవాళ్ళం. పిలవగా పిలవగా ఆమె కూడా పీట తెచ్చుకుని మా వెనక కూర్చోవడం మొదలుపెట్టింది.

పట్టిక కాస్త పెద్దదయ్యాక ఒక ఆదివారం, అన్నాలు తిన్న తర్వాత, లాప్‌టాప్ బల్ల మీద పెట్టాను. నాన్న కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. బాబాయ్ మెట్టు మీద నుంచి లేచి వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

“అందరికంటే ఎక్కువ అడుగులు లాగిన జతను అడుగుతున్నా,” అని షరతు టైపు చేసి మీట నొక్కాను.

ఒకే వరుస వచ్చింది. అది మాచర్ల వాళ్ళదీ కాదు, దాచేపల్లి వాళ్ళదీ కాదు. ఎవరికీ గుర్తులేని ఒక పాలపళ్ళ జత.

ఇద్దరూ ఒక్కసారిగా విరుచుకుపడ్డారు. “అవి దూడలమ్మా! వాటికి కట్టేది చిన్న బండ. పరిగెత్తుకుంటా పోతయ్,” అన్నాడు బాబాయ్. నాన్నకు దానికంటే పెద్ద భయం పట్టుకుంది. తెరకేసి వంగి చూస్తూ, “మిగతా జతలన్నీ ఏమైనయ్యే? ఇన్ని ఆదివారాలు కూర్చుని రాసిందంతా చెరిపేశావా?” అన్నాడు.

“చెరిపెయ్యలేదు నాన్నా. అడిగినదాన్ని చూపిచ్చిందంతే. అసలు పట్టిక కదల్లేదు.” మొత్తం పట్టికను మళ్ళీ తెర మీదకు తెచ్చి చూపించాను. నాన్న పైనుంచి కిందిదాకా వేలు పెట్టి చూసుకుని, తన జత ఉన్న వరుసల దగ్గర కాసేపు ఆగి, అప్పుడు వెనక్కి ఆనుకున్నాడు.

సీనియర్స్ విభాగం మాత్రమే చూపించమని రెండో షరతు కలిపాను. ఆర్‌లో ఒకటి ఇంకోదానికి సమానమా అని అడగాలంటే సమానం గుర్తు రెండుసార్లు వెయ్యాలి. నేను కంగారులో ఒక్కటే వేశాను, ఎర్రటి అక్షరాలతో తప్పు చూపించింది. “చూశావా, దానిక్కూడా ఇష్టం లేదు,” అన్నాడు బాబాయ్. సరిచేసి నొక్కితే ఈసారి బాబాయ్ జత పైకి వచ్చింది.

బాబాయ్ చప్పట్లు కొట్టాడు. నాన్న ముఖం చిన్నబోయింది గానీ ఎంతోసేపు కాదు.

“అయితే తడినేల తీసెయ్. పొడినేల మీద ఎవరో చూడు.”

తీసేశాను. మాచర్ల జత వచ్చింది. ఈసారి చప్పట్లు నాన్నవి.

“అట్టాగైతే బాగా బరువు బండ కట్టినయ్యే చూడమ్మా,” అన్నాడు బాబాయ్.

చూశాను. దాచేపల్లి జత.

“మాచర్ల చుట్టుపక్కల జరిగినయ్ మాత్రం చూడు,” అన్నాడు నాన్న.

అట్లా ఒక్కో షరతు పెరిగేకొద్దీ తెర మీద వరుసలు తగ్గిపోతూ వచ్చాయి. చివరికి నాన్న పెట్టిన షరతులకు ఒకే ఒక్క వరుస మిగిలింది. మాచర్ల వాళ్ళదే. నాన్న గెలిచినట్టు తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. బాబాయ్ కూడా తన షరతులు చెప్పాడు. ఆయనకూ ఒకే వరుస మిగిలింది. దాచేపల్లి వాళ్ళదే. అమ్మ వెనక నుంచి నవ్వుతూ, “ఇట్టా పెట్టుకుంటా పోతే ఊరూరి జతకీ ఫస్టే గదే,” అంది.

నేనూ నవ్వాను. అదే మాట క్లాసులో నేను పుస్తకభాషలో చెప్పినప్పుడు ఒక్కరూ తలెత్తి చూసిన గుర్తు లేదు. ఇక్కడ మా వసారాలో షరతులు పెట్టడంలో ఇద్దరు పెద్దమనుషులు ఆరితేరిపోతున్నారు, అదీ ఎద్దుల మీద ప్రేమతో. గొడవ తేలలేదు. తేలకపోవడమే ఇద్దరికీ బాగున్నట్టుంది. వచ్చే ఆదివారానికి ఏ షరతు అడగాలో ఆలోచించుకుంటూ బాబాయ్ ఇంటికెళ్ళాడు.

ఆ వేసవిలోనే ఎవరూ అనుకోనిది జరిగింది. మాచర్ల జతలో ఒక ఎద్దుకు కాలు బెణికి, ఆ ఏడాదికి పోటీలు వద్దన్నాడు పశువుల డాక్టరు. దాచేపల్లి రైతు తన జతలో ఒకదాన్ని కృష్ణ అవతల తెలంగాణ రైతుకు అమ్మేశాడు. మచ్చదాన్ని మాత్రం ఉంచుకున్నాడు. ఇద్దరి దగ్గరా ఒంటి ఎద్దులు మిగిలాయి. అట్లాంటప్పుడు ఇద్దరు రైతులు చెరొక ఎద్దునూ కలిపి ఒక కాడి కట్టడం ఉంది. కంబైండ్ జత అంటారు. రెంటచింతల దగ్గర తిరునాళ్ళలో ఆ రెండూ ఒక కాడి కింద దిగుతున్నాయని ఫోన్లో కబురు వచ్చింది.

ఆ ఆదివారం నాన్న ఫోనును చెంబుకు ఆనించలేదు. నాన్న బాబాయ్‌ని చూశాడు. బాబాయ్ నేలను చూశాడు.

“పోదామా?” అన్నాడు నాన్న.

“పోకపోతే ఎట్టా?” అన్నాడు బాబాయ్.

అమ్మ కూడా వస్తానంది. ఇన్నేళ్ళూ ఫోన్లో ఆ మైకు గోల వినడమే గానీ ఎన్నడూ కళ్ళారా చూడలేదట. బాబాయ్ రిపేరుకు వచ్చిన ఒక జీపును, దాని ఓనరును అడిగి, తీసుకొచ్చాడు. నీళ్ళ డబ్బా, పులిహోర గిన్నె వెనక సీట్లో అమ్మకూ నాకూ మధ్య పెట్టుకుని బయలుదేరాం. రెంటచింతల ఎండ సంగతి చెప్పనక్కర్లేదు. మేం వెళ్ళేసరికి పొద్దు వాలుతున్నా నేల ఇంకా సెగలు కక్కుతూనే ఉంది.

ముగ్గుతో గీతలు గీసిన పొడుగాటి బరి, రెండు పక్కలా తాళ్ళు, తాళ్ళ వెనక జనం. బండ కదిలినప్పుడు వచ్చే గరగర శబ్దం ఫోన్లో వినపడేది కాదు. ఇక్కడ అది కాళ్ళ కింది నుంచి ఒంట్లోకి ఎక్కింది. అమ్మ నా చెయ్యి పట్టుకుని, “అమ్మో, అంత రాయే!” అంది.

మా కంబైండ్ జత వంతు వచ్చింది. తెల్లగా ఎత్తుగా ఉన్నది కుడివైపు, మూపురం మీద మచ్చ ఉన్నది ఎడమవైపు. ఈల పడగానే మాచర్లది ఒక్క ఉదుటున ముందుకు దూకింది, దాచేపల్లిది నింపాదిగా కదిలింది. కాడి వంకరపోయింది. బండ పక్కకు ఒరిగి తాళ్ళ వైపు జరిగింది. జనం ఓహో అన్నారు.  నాన్నా బాబాయ్ మాత్రం ఎవరి పేరు చెప్పి అరవాలో తెలియక తాడు పట్టుకుని నిలబడిపోయారు.

ఆ చివరిదాకా వెళ్ళి వెనక్కి తిరిగే చోట మాచర్లది రొప్పుతూ తగ్గింది. అక్కడ మచ్చది తల వంచి, మెడ బిగించి, దాదాపు ఒంటరిగా బండను తిప్పుకొచ్చింది. అప్పుడు పక్కన ఒక కేక వినపడింది.

“అదీ! మచ్చదాన్ని కొట్టమాకండ్రా, అదే లాగతా ఉంది! లాగు తల్లీ లాగు!”

కేక వేసింది నాన్న. గిత్తను పట్టుకుని తల్లీ అన్నందుకు చుట్టుపక్కల వాళ్ళు నవ్వారు. ఆయన వినిపించుకోలేదు. ఆ ఊపుతో మాచర్లది కూడా కలిసింది. రెండు ఎద్దుల అడుగూ ఒకటే అయింది. ఈసారి బాబాయ్ తాడు మీదికి వంగి, “ఆ తెల్లదాని నడక చూడరా! ఏం నడక, ఏం నడక!” అని నాన్న భుజం పట్టి ఊపేస్తున్నాడు. ఇన్ని ఆదివారాల్లో నాన్న నోటి నుంచి మచ్చదాని గురించి, బాబాయ్ నోటి నుంచి తెల్లదాని గురించి ఒక్క మంచిమాట నేను వినలేదు. అమ్మ అయితే రెండింటినీ కలిపి అరుస్తోంది. నేనేం అరిచానో నాకు గుర్తులేదు, ఇంటికొచ్చేసరికి గొంతు మాత్రం లేదు.

సమయం అయిపోయి ఈల మోగింది. రెండో స్థానం వచ్చింది. మొదటిది ప్రకాశం వైపు నుంచి వచ్చిన జతకు. మాలో ఎవరికీ ఆ బాధ ఉన్నట్టు లేదు.

తర్వాత పాకల దగ్గరికి వెళ్ళాం. రైతులిద్దరూ ఎద్దుల ఒళ్ళు నీళ్ళతో తుడుస్తున్నారు. ఇన్నేళ్ళూ ‘మావోళ్ళు’ అని చెప్పుకున్న మనుషులను నాన్నా బాబాయ్ అంత దగ్గరగా చూడడం అదే మొదటిసారి. పలకరించడానికి ఇద్దరికీ మొహమాటం. చివరికి అమ్మే, “అన్నా, మీ ఎద్దుల కోసమే గురజాల నుంచి వచ్చారు వీళ్ళు,” అంది. దాచేపల్లి రైతు నవ్వి మచ్చదాన్ని కాస్త ఇటు తిప్పాడు. నాన్న దాని మూపురం మీద అరచెయ్యి పెట్టి చాలాసేపు తియ్యలేదు. బాబాయ్ తెల్లదాని గంగడోలు నిమురుతూ, దానికేం మేత పెడతారో, ఎన్ని గంటలకు నడిపిస్తారో మాచర్ల రైతును అడుగుతూనే ఉన్నాడు. మా పులిహోర అక్కడే అందరం తిన్నాం.

ఆ తర్వాతి ఆదివారం ఆ లాగుడును పట్టికలో ఎక్కించాను. ఊరి గడిలో ‘మాచర్ల, దాచేపల్లి’ అని రెండూ కలిపి రాశాను. నాన్న మాచర్ల వరుసలు చూపించమన్నాడు. వచ్చాయి. చూసుకున్నాడు.

“మొన్నటిది లేదేందే?”

బాబాయ్ దాచేపల్లివి అడిగాడు. అందులోనూ లేదు. రెండు ఊళ్ళ పేర్లూ ఒకే గడిలో ఉంటే అది ఏ ఒక్క ఊరికీ సమానం కాదు కదా. వాళ్ళకు అన్నిటికంటే ఇష్టమైన వరుస ఇద్దరికీ దొరకడం లేదు.

ఊరి గడిని రెండు చేశాను, ఎడమ ఎద్దు ఊరు, కుడి ఎద్దు ఊరు. పాత వరుసల్లో రెండు గళ్ళలోనూ ఒకే ఊరు పడింది. ఈ కొత్త వరుసలో మాత్రం ఎడమన దాచేపల్లి, కుడిన మాచర్ల. షరతు కూడా మార్చాను. ఎడమదైనా కుడిదైనా, ఏదో ఒకటి మన ఊరైతే చాలు, ఆ వరుస రావాలి. ఆర్‌లో ఈ ‘లేదా’కు ఒక నిలువు గీత గుర్తు. అది వేసి నాన్న ఊరు అడిగాను, వచ్చింది. బాబాయ్ ఊరు అడిగాను, మళ్ళీ అదే వరుస వచ్చింది.

“ఇంతకీ ఇది ఎవరి ఖాతా అమ్మా?” అన్నాడు బాబాయ్.

“ఇద్దరిదీ బాబాయ్.”

“ఇద్దరికీ చూపిచ్చిద్దా?”

“ఎవరడిగినా చూపిచ్చిద్ది.”

బాబాయ్ ఆ వరుసను ఫోనుతో ఫొటో తీసుకున్నాడు.

జూన్‌లో కొత్త బ్యాచ్‌కు ఈ పట్టికే ఇచ్చాను. ల్యాబ్‌లో మొదటి ఐదు నిమిషాలు మీటల చప్పుడే. తర్వాత వెనక బెంచీలో ఒకబ్బాయి, “మేడమ్, ఇది మా మేనమామోళ్ళ జత!” అని లేచి నిలబడ్డాడు. ఇంకొకతను అది మీ మేనమామది కాదు, అసలు యజమాని వేరే అన్నాడు. పక్క క్లాసు సార్ తలుపు తీసి, ఏదైనా గొడవా అని అడిగారు. ‘లేదా’ గుర్తు పాఠం కాబట్టి రెంటచింతల వరుసను తీయమన్నాను. ఒక అమ్మాయి తీసి చూసి, “మరి రెండు ఊళ్ళూ కావాలని అడిగితే, అంటే ఇదీ అదీ రెండూ ఉండాలంటే?” అంది. అది నేను తర్వాతి వారానికి దాచుకున్న ప్రశ్న. ఆ రోజే చెప్పేశాను. ‘మరియు’ గుర్తు వేస్తే పట్టిక మొత్తంలో ఆ ఒక్క వరుసే నిలిచింది. మళ్ళీ ఎవరో చప్పట్లు కొట్టారు.

ఇప్పుడు పట్టిక నాన్న చేతికి పోయింది. నా పాత లాప్‌టాప్ ఇంట్లోనే ఉంచేశాను. ఒక్క వేలితో టైపు చేస్తాడు. ఒక్కో అక్షరానికీ కళ్ళద్దాలు పైకెత్తి మీటల పలక చూసుకుంటాడు. మొన్న బుధవారం, రెండు క్లాసుల మధ్య స్టాఫ్‌రూములో టీ తాగుతుంటే ఫోన్ చేశాడు. వెనక బాబాయ్ ఏదో అరుస్తున్నాడు.

“నువ్వు జెప్పినట్టే పెట్టా. తప్పంటంది.”

“ఏం పెట్టావో చదువు నాన్నా.”

ఒక్కో గుర్తే చదివాడు. అన్నీ బాగానే ఉన్నాయి. చివరన కామా లేదు.

“షరతు అయిపోయినాక కామా పెట్టు. పెట్టి, దాని తర్వాత ఖాళీ వదిలెయ్.”

“ఖాళీ ఎందుకు?”

“ఖాళీ వదిలితే గళ్ళన్నీ ఇయ్యమని.”

అవతల మీట నొక్కిన చప్పుడు. ఆ తర్వాత ఇద్దరూ ఒకేసారి, “వచ్చినయ్, వచ్చినయ్!” అన్నారు. ఏ జతవి వచ్చాయని అడిగేలోపే ఫోన్ పెట్టేశారు.